చెరువు కాలువ పూడ్చి లేఅవుట్ వేస్తున్నారు, ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది బెంగళూరు ఆనేకల్ తాలూకాలో, సర్జాపుర దాటాక ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడ. మా చెరువుకు ఎగువన 38 ఎకరాలు ఒక కంపెనీ కొన్నది. విల్లాలు, అపార్ట్‌మెంట్లు వస్తాయట. బ్రోచర్లు అప్పుడే వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. చెరువులోకి వాన నీళ్లు తెచ్చే కాలువ మీద పది రోజులుగా టిప్పర్లతో మట్టి తోలుతున్నారు. పొలాలకు వెళ్లే బండిదారికి గేటు పెట్టారు. పంచాయితీలో అడిగితే "అన్ని అప్రూవల్స్ ఉన్నాయి" అంటారు, కాగితం మాత్రం చూపించరు. భూమి అమ్మినవాళ్లలో మా పెద్దనాన్న కొడుకు కూడా ఉన్నాడు. "నువ్వు అర్జీ పెడితే నాకు రావలసిన మిగతా డబ్బు ఆగిపోతుంది" అని మా ఇంటికి రావడం మానేశాడు. గంగమ్మ గుడికి గోపురం కట్టిస్తామని కంపెనీవాళ్లు అన్నారు, దాంతో సగం ఊరు అటే ఉంది. ఒకప్పుడు చెరువు తూము తీసి పొలాలకు నీళ్లు పంచిన నీరుగంటి తాత ఒక్కడే "ఆ కాలువ పోతే చెరువు పోయినట్టే" అంటున్నాడు. నాకు 31 ఏళ్లు, ఎలక్ట్రానిక్స్ సిటీలో ఉద్యోగం. నేను అభివృద్ధికి అడ్డం పడుతున్నానా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

తమ్ముడూ, అన్న సంగతి, గోపురం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మట్టి సంగతి చూడాలి, అదీ ఇవాళే. కాలువ పూర్తిగా పూడ్చి పైన రోలర్ తిప్పేశారంటే, అక్కడ కాలువ ఉండేదని నిరూపించడానికి మీకు ఏళ్లు పడుతుంది.

సాయంత్రం వెలుగు ఉండగానే వెళ్లి, తేదీ, లొకేషన్ పడేలా ఫోన్లో ఫొటోలు తీయండి. పూడ్చిన చోటు ఒక్కటే కాదు, ఇంకా పూడ్చని చోటు కూడా తీయాలి. కాలువ గట్టు, అడుగున పేరుకున్న ఒండ్రు, పక్కన పెరిగిన తుంగ కనబడాలి. రోడ్డు మీద నుంచో మీ పొలంలో నుంచో తీయండి, వాళ్ల కంచె దాటి లోపలికి వెళ్లకండి. గేటు విరగ్గొట్టడం, టిప్పర్లకు అడ్డంగా పడుకోవడం లాంటివి కుర్రాళ్లు ఎవరైనా అంటే ఆపండి. ఒక్క పోలీసు కేసు పడితే ఊరి మాట పక్కకు పోయి కేసు మాటే మిగులుతుంది.

రేపు పొద్దున్నే ఆనేకల్ తాసీల్దారుకు ఒక పేజీ ఫిర్యాదు ఇవ్వండి. ఫలానా సర్వే నంబర్ల మధ్య ప్రభుత్వ కాలువను పూడుస్తున్నారు, పని ఆపించి సర్వే చేయించి మహజరు, అంటే అక్కడికక్కడ చూసింది రాసే పంచనామా, రాయించండి అని అడిగితే చాలు. కర్ణాటక ల్యాండ్ రెవెన్యూ చట్టంలోని 104వ సెక్షన్ కింద ప్రభుత్వ భూమి ఆక్రమణను తొలగించే అధికారం ఉందని ఒక వాక్యంలో గుర్తు చేయండి. అదే కాగితం నకలు డీసీ (మన కలెక్టరు లాంటివాడు) ఆఫీసుకు, పంచాయితీ పీడీఓకు, అంటే అక్కడి అభివృద్ధి అధికారికి, మీ పోలీస్ స్టేషన్‌కు ఇవ్వండి. ప్రతి చోటా టపాలు సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద సీలు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా బయటికి రాకండి. నోటితో చెప్పింది, వాట్సాప్‌లో పంపింది ఆఫీసు లెక్కలోకి రాదు.

కన్నడలోనే రాయండి. ఫైలు అక్కడ కన్నడలోనే కదులుతుంది. మీ ఊరి స్కూల్లో కన్నడ మేష్టారు ఉంటారు కదా, ఒక్కసారి దిద్దించుకోండి.

ఇక మిమ్మల్ని నిద్ర పోనివ్వని ప్రశ్నకు వస్తాను. దానికి జవాబు నా ఇంట్లోనే ఉంది.

మేం మదనపల్లె నుంచి వచ్చినవాళ్లం. 2011లో బెంగళూరు తూర్పు వైపు ఒక లేఅవుట్‌లో సైటు కొని ఇల్లు కట్టుకున్నాం. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి అన్నీ సరిగానే ఉన్నాయనుకున్నాం. మా వీధి చివర ఒక పెద్ద మోరీ ఉన్నట్టుండి ఆగిపోయేది. అది అక్కడి నుంచి ఎటు పోవాలో మేం ఎన్నడూ అడగలేదు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో వానలు పడ్డప్పుడు సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు వైపు ఎన్ని లేఅవుట్లు మునిగాయో మీకూ గుర్తుండే ఉంటుంది, ఉద్యోగస్తులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకు వెళ్లారు. మా అత్తగారిని మేం కుర్చీతో సహా ఎత్తి ట్రాక్టరు మీదికి చేర్చాం. ఆమెకు అప్పుడు 78 ఏళ్లు. నీళ్లు తీశాక తెలిసింది, మా వీధి ఉన్నదే పాత కాలువ మీద. పక్క ఊరివాళ్లు లేఅవుట్ వేసేటప్పుడే ఆ మాట చెప్పి అర్జీ పెట్టారట. ఆ అర్జీ ఏ బల్ల మీద ఆగిందో ఎవరికీ తెలియదు.

ఆ ఊరివాళ్లు గెలిచి ఉంటే మా అత్తగారు ఆ రాత్రి పొడి మంచం మీద పడుకుని ఉండేది. మీ ఊరి పక్కన ఇల్లు కొనుక్కోబోయే వాళ్లెవరో మీకు తెలియదు. వాళ్లలో అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి జీతం డబ్బు కూడబెట్టుకుని వచ్చే పిల్లలు కూడా ఉంటారు. మీ అర్జీ వాళ్ల కోసం కూడా. అభివృద్ధికి అడ్డం పడుతున్నానన్న బెంగ వదిలేయండి.

అయితే ఏమని అభ్యంతరం పెడుతున్నారన్నది చాలా ముఖ్యం. "మా ఊరి పక్కన ఇళ్లు వద్దు" అని రాస్తే అది నిలవదు, నా మనసుకు న్యాయంగానూ తోచదు. జనానికి ఇళ్లు కావాలి. అమ్ముకునే హక్కు భూమి ఉన్నవాడికి ఉంది. 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని మార్చాక రైతు కానివాళ్లు కూడా వ్యవసాయ భూమి కొనవచ్చు. కాబట్టి ఆ 38 ఎకరాలు కొనడాన్ని మీరు ఆపలేరు. కానీ ఆ 38 ఎకరాల మధ్యలోంచి పోయే కాలువ, బండిదారి మీ అన్న అమ్మిన భూమి కాదు. ఆయనకు అమ్మే హక్కూ లేదు, కంపెనీకి కొనే హక్కూ లేదు. అవి ఊరందరివి. మీ అర్జీ అంతా ఈ ఒక్క మాట మీద నిలబెట్టండి.

దీనికి రుజువు రెవెన్యూ రికార్డుల్లోనే దొరుకుతుంది. ఆ సర్వే నంబర్లన్నిటికీ పహణీలు, అంటే భూమి ఎవరిది, ఎంత అన్నది చూపే రికార్డులు తీయండి. వాటిలో ఖరాబు రెండు రకాలుగా ఉంటుంది. 'ఎ' ఖరాబు అంటే సాగుకు పనికిరాని భూమి, అది పట్టాదారుదే. 'బి' ఖరాబు అంటే కాలువ, దారి, శ్మశానం లాంటి ఊరి అవసరాలకు విడిచిపెట్టింది, అది ప్రభుత్వానిది. ఎన్ని గుంటలు 'బి' ఖరాబు ఉందో ఒక కాగితం మీద వరుసగా వేసుకోండి. ఆకార్‌బంద్, అంటే సర్వే నంబరు వారీగా విస్తీర్ణం రాసిన సర్వే రికార్డు తీసి దాంతో సరిచూడండి, రెండింటికీ తేడా ఉంటే ఆ తేడానే మీ అర్జీలో మొదటి పాయింటు. తర్వాత గ్రామ నక్షా, అంటే ఊరి సర్వే పటం. అందులో కాలువను, బండిదారిని వేర్వేరు గీతలతో చూపిస్తారు. సర్వే శాఖ వెబ్‌సైటులో దొరుకుతుంది, సీలు వేసిన నకలు మాత్రం తాలూకా సర్వే ఆఫీసులో తీసుకోవాలి. ఫోన్లో దిశాంక్ యాప్ పెట్టుకుంటే మీరు నిలబడ్డ చోటు ఏ సర్వే నంబరో చూపిస్తుంది. దారి తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, సాక్ష్యానికి సీలున్న నక్షానే కావాలి.

వీటన్నిటికంటే విలువైన మనిషి మీ నీరుగంటి తాత. నక్షా మీద గీత ఉంటుంది గానీ ఏ వానకు ఎంత నీరు వచ్చేది, ఏ మడవ దగ్గర మళ్లేది, చెరువు నిండి మొరవ పోతే నీళ్లు ఏ పొలం అంచున పోయేవి అన్నది గీత చెప్పదు. కోలారు, బెంగళూరు వైపు చెరువులన్నీ ఒకదానికొకటి గొలుసుగా కట్టినవి. పై చెరువు నిండి పొర్లితే కింది చెరువుకు వస్తుంది. మీ వైపు గొలుసు చివరికి దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాముకు పోతుంది. నందికొండల్లో పుట్టిన రెండు పినాకినుల్లో ఒకటి మన నెల్లూరికి, రెండోది మీ ఊరి పక్కగా పోతోంది, ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు మీ తాలూకా దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. తాత చేత కాలువ పొడవునా చెప్పించి వీడియో తీయండి. ఆయన మాటల్ని కాగితం మీద పెట్టి, చదివి వినిపించి, నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించండి. ఇన్నాళ్లూ ఆయన చెప్పింది ఎవరూ రాసుకోలేదు.

అర్జీలో ఒక లెక్క కూడా పెట్టండి. 38 ఎకరాల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 15 లక్షల లీటర్లు. ఆరు వేల లీటర్ల ట్యాంకర్లయితే 250. ఇప్పుడు ఆ నీళ్లలో చాలా భాగం మట్టి తాగుతుంది, మిగిలింది కాలువలో చెరువుకు పోతుంది. రేపు పైన కాంక్రీటు, కింద కాలువ లేదు. ఆ నీళ్లు ఎటు పోతాయో ప్లానులో చూపించమని అడగండి. ఇంజనీరు జవాబు చెప్పి తీరవలసిన ప్రశ్న ఇది.

ఇప్పుడు ఏ ఆఫీసుకు ఏది పంపాలో చెబుతాను.

ముందు మీ ఊరు బీడీఏ, అంటే బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ కిందికి వస్తుందా, ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ కిందికి వస్తుందా తెలుసుకోండి. తప్పు ఆఫీసుకు పంపిన అర్జీ నెలల తరబడి తిరుగుతుంది. ఆ అథారిటీ మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబర్లకు ఏ రంగు ఉందో చూడండి. వ్యవసాయ జోన్‌లో ఉంటే అక్కడ ఇళ్లకు భూ వినియోగ మార్పు కావాలి. టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 14-ఎ కింద దానికి పేపర్లో నోటీసు వేసి జనం అభ్యంతరాలు పిలవాలి. ఆ నోటీసు ఎప్పుడు, ఏ పేపర్లో వేశారో అడగండి. గడువు ఇంకా ఉంటే ఆ లోపలే ఇవ్వాలి. అప్పటికే పసుపు రంగు, అంటే నివాస జోన్ అయి ఉంటే, ఇళ్లు రావచ్చా అన్న వాదన ముగిసినట్టే. దాని మీద శక్తి వృథా చేయకుండా కాలువ, దారి, మురుగు నీరు, బోర్ల మీదికి రండి.

చెరువుకు, కాలువకు ఎంత దూరం వదలాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. 2016లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ బెంగళూరు చెరువులకు 75 మీటర్లు వదలాలన్నది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బెంగళూరు మాస్టర్ ప్లాన్ 2015లో చెరువుకు 30 మీటర్లు, రాజకాలువల్లో, అంటే వాన నీళ్లు మోసే కాలువల్లో, పెద్దదానికి 50, మధ్యదానికి 25, చిన్నదానికి 15 మీటర్లని ఉంది. మీరు అర్జీలో 75 అని రాస్తే మొదటి పేజీలోనే తప్పు దొరుకుతుంది. మీ అథారిటీలో ఇప్పుడు ఏ కొలత అమల్లో ఉందో రాతపూర్వకంగా తీసుకుని అదే వేయండి.

రెండోది పర్యావరణ అనుమతి. కట్టడం మొత్తం వైశాల్యం 20,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2.15 లక్షల చదరపు అడుగులు దాటితే 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ముందుగా అనుమతి కావాలి. 38 ఎకరాల్లో అపార్ట్‌మెంట్లంటే అది దాటకుండా ఉండటం కష్టం. ఇక్కడ ఊళ్లు మోసపోయే చోటు ఒకటుంది. ఫ్యాక్టరీకో గనికో అయితే అధికారులు వచ్చి ఊళ్లో బహిరంగ విచారణ పెడతారు. ఇళ్ల ప్రాజెక్టులకు అది లేదు. మమ్మల్ని పిలుస్తారులే అని ఊరంతా ఎదురు చూస్తుంది, ఈలోగా అనుమతి వచ్చేస్తుంది. కాబట్టి పిలుపు కోసం ఆగకండి. పరివేశ్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో కంపెనీ పెట్టిన దరఖాస్తు, మ్యాపులు అన్నీ దొరుకుతాయి. అందులో "స్థలంలో కాలువలు లేవు" అని రాసి ఉంటే, మీ నక్షా, మీ ఫొటోలు, తాత అఫిడవిట్ జోడించి రాష్ట్ర పర్యావరణ అథారిటీకి, అంటే ఎస్‌ఈఐఏఏకు, వెంటనే పంపండి. అనుమతి ముందే వచ్చి ఉంటే గ్రీన్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి. మనకు చెన్నై బెంచి. గడువు 30 రోజులే, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ఇస్తారు. ఆ తేదీ దాటితే చేయగలిగింది చాలా తక్కువ. వకీలును పెట్టుకోవలసిన చోటు కూడా అదే, అంతకు ముందు అంత ఖర్చు అక్కర్లేదు.

పంచాయితీవాళ్లు కాగితం చూపించనంటున్నారు కదా, సమాచార హక్కు అర్జీ పెట్టండి. పది రూపాయలు, 30 రోజులు. కర్ణాటకలో ఒక అర్జీకి ఒకే విషయం, 150 మాటలు మించకూడదు. అందుకని లేఅవుట్ ప్లానుకు ఒకటి, పంచాయితీ ఇచ్చిన ఎన్ఓసీకి, అంటే అభ్యంతరం లేదన్న పత్రానికి ఒకటి, బోరు అనుమతులకు ఒకటి విడివిడిగా వేయండి. బోర్ల సంగతి గట్టిగా అడగండి. ఆనేకల్ తాలూకాలో భూగర్భ జలం ఇప్పటికే అతిగా తోడేశారు. 2024 అక్టోబరులో మొదలైన కావేరి తాగునీటి పథకం ఐదో దశ నగరంలో ముందే కలిసిన 110 పల్లెల కోసం వేసింది. మీ ఊరు ఆ లెక్కలో లేకపోతే వందల ఇళ్లకు నీళ్లు మీ బోర్ల పక్క నుంచే రావాలి.

బ్రోచర్ల సంగతి రాశారు. రెరాలో, అంటే ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే అథారిటీలో, నమోదు కాకుండా ప్రాజెక్టును ప్రకటించకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. కర్ణాటక రెరా వెబ్‌సైటులో పేరు వెతకండి. లేకపోతే ఆ బ్రోచరు జోడించి ఫిర్యాదు చేయండి. ఉంటే మీ కాలువ అర్జీ నకలు అక్కడికీ పంపండి, కొనేవాళ్లకు తెలియాలి.

ఇదంతా మీ ఒక్కరి పేరు మీద నడపకండి. గ్రామ సభలో పెట్టించి తీర్మానం రాయించండి. సంతకాలు తీసుకునేటప్పుడు పేరు పక్కన చెరువు కింద వాళ్లకున్న పొలం సర్వే నంబరు, బోరు, పాడి పశువులు ఎన్ని అన్నది రాయించండి. ఆ చెరువుతో బతుకు ముడిపడిన 25 మంది సంతకాలు నాకు 300 ఉత్త సంతకాల కంటే ఎక్కువ.

ఇప్పుడు మీ అన్న సంగతి. ఆయన్ని దూరం చేసుకుని ఈ పని చేయకండి. రాగి పండించి ఏం మిగులుతుందో, ఆడపిల్లల పెళ్లిళ్లకు ఎంతవుతుందో మీకు తెలుసు. ఆయన అమ్ముకోవడం తప్పు కాదు, అర్జీలో ఆయన పేరు గానీ అమ్మినవాళ్ల మీద ఒక్క మాట గానీ రాకూడదు. ఇంటికి రావడం మానేశాడు కాబట్టి మీరే వెళ్లండి. పెద్దమ్మ ఉంటే ఆమె ఉన్నప్పుడే వెళ్లండి. సంతకం పెట్టమని అడగకండి. "అన్నా, నీ అగ్రిమెంటు ఒకసారి నాకు చూపించు" అనండి. రావలసిన డబ్బు ఎప్పటికి ఇస్తామని రాశారో, ప్లాను అప్రూవల్‌తో ముడిపెట్టారో లేదో చూడండి. కాలువను, దారిని కూడా కొలతలో కలిపి ఆయన చేత సంతకం పెట్టించి ఉంటే, రేపు గొడవ వచ్చినప్పుడు అమ్మినవాడిగా చిక్కులో పడేది ఆయనే. అది ఆయనకు మీరు తప్ప ఇంకెవరూ చెప్పరు. మీరు వకీలు దగ్గరికి వెళ్లిన రోజు ఆయన్నీ తీసుకెళ్లి ఆ అగ్రిమెంటు చూపించండి. వెంటనే మాట కలవకపోవచ్చు. పండక్కి మళ్లీ వెళ్లండి.

గోపురం మాటకు ఊళ్లో ఎదురు చెప్పకండి, గుడి మీద వాదన పెట్టుకుంటే ఇల్లిల్లూ చీలుతుంది. నాకైతే బాధగా ఉంది. చెరువు నిండితే కట్ట మీద పొంగళ్లు పెట్టేది ఆ గంగమ్మకే కదా. ఊరి పెద్దలు ఆ డబ్బు తీసుకుంటే తీసుకోనివ్వండి. కాకపోతే దానికి బదులుగా "అభ్యంతరం లేదు" అన్న కాగితం మీద ఊరి తరపున ఎవరూ సంతకం పెట్టకుండా చూడండి. గుడి పుస్తకంలో పెట్టిన సంతకం ఎన్ఓసీగా మారిన సంగతి నేను విన్నాను, అందుకే చెబుతున్నాను.

ఈ పనిలో కొన్ని గెలుస్తారు, కొన్ని పోతాయి. మొత్తం ప్రాజెక్టు ఆగడం అరుదు. కాలువను పాత వెడల్పుతో తిరిగి తవ్వించడం, దాని పక్కన దూరం వదిలించడం, బండిదారి గేటు తీయించడం, మురుగు చెరువులోకి రాకుండా రాతపూర్వక షరతు పెట్టించడం, ఇవి సాధించగలిగినవి. వీటికి మీ కాగితాలు సరిపోతాయి.

శని, ఆదివారాలు మీకు సెలవు కదా. ఈ శనివారం ఎండ ఎక్కక ముందే తాతను బండి మీద కూర్చోబెట్టుకుని కట్ట దగ్గరికి వెళ్లండి. సీలున్న నక్షా ఇంకా చేతికి రాకపోతే ప్రింటు చాలు. తూము దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడవండి, ఆయన ఆగమన్న ప్రతి చోటా ఆగి ఫొటో తీసి, ఆ చోటి సర్వే నంబరు నక్షా మీద రాసుకోండి. ఆ నక్షా ఫొటో నాకు పంపండి, అర్జీ ఎలా పేర్చాలో కలిసి చూద్దాం.